ఆచార్య హైమన్‌డార్ఫ్ గిరిజన గ్రంథములు - ఒక విమర్శ

1909వ సంవత్సరమున మన చెన్నపురియందు దక్షిణ హిందూదేశపు కులములను, తెగలను గూర్చిన ఎడ్గార్ థర్‌స్టన్ మహాగ్రంథము ఏడు సంపుటములుగా అచ్చుపడినది. ఎగ్మూరు ప్రదర్శనశాలకు అధ్యక్షుడుగా నుండిన థర్‌స్టన్, కె. రంగాచారి సహాయముతో, మనుష్యుల తలలను, ముక్కులను కొలిచి, వారి ఆచారములను అకారాదిక్రమమున కూర్చెను. ఆ యేడే జూన్ 22వ తేదీన వియన్నా నగరమున క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ జన్మించిరి. తెలుగుదేశపు కొండజాతులను గూర్చిన విద్యలో ఈ రెండు పేర్లు రెండు పద్ధతులకు గుర్తులు. మొదటి పద్ధతి విషయసేకరణము. రెండవది సహవాసము. ఈ రెండవ పద్ధతి వలన మనకు లభించినదేమి, అందలి కొరత యెట్టిది అను విషయమును విచారించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

హైమన్‌డార్ఫ్ గారు వియన్నా విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది, లండనులో మాలినోవ్‌స్కీ ఆచార్యుని గోష్ఠులలో పాల్గొని, 1936లో హిందూదేశమునకు వచ్చి కోన్యక్ నాగాల నడుమ నివసించిరి. 1939లో ప్రపంచయుద్ధ మారంభమగునప్పటికి వారు జర్మను ప్రయాణపత్రము గలవారు. అందుచే శత్రుదేశీయుడుగా నెంచబడి నైజాము రాజ్యపు టెల్లలలో నుండవలసివచ్చెను. ఆ నిర్బంధమే తెలుగుదేశమునకు మేలైనది. భార్య బెట్టీ ఎలిజబెత్ తోడుగా వారు 1940 మొదలు చెంచుల నడుమను, కొండరెడ్ల నడుమను, గోండుల నడుమను వరుసగా నివసించి మూడు సంపుటములు రచించిరి.

1943లో వెలువడిన చెంచుల గ్రంథము అమరాబాదు పీఠభూమిని, నల్లమల అడవులను ఆశ్రయించి దుంపలతోను, తేనెతోను, వేటతోను బ్రతుకువారిని గూర్చినది. 1945 నాటి రెండవ సంపుటము పాపికొండల రెడ్లను గూర్చినది. ఈ రెండు తెగల మాటయు తెలుగే యని పాఠకులు గమనింపవలెను. పరాయి జాతుల వృత్తాంతమని తలచి ఈ పుస్తకములను తెరచిన తెలుగువాడు తన బంధువుల కథనే చదువును.

రెడ్ల గ్రంథము మద్రాసు రాష్ట్రచరిత్రకు కూడ సంబంధించినది. ఆనాడు గోదావరి గండి ప్రాంతమున ఒక దరి నైజాముది, ఎదుటి దరి మద్రాసు ప్రభుత్వముది. కొండవారి భూమి మైదానపువారి కన్యాక్రాంతము కాకుండ మద్రాసు ప్రభుత్వము 1917లో ఏజెన్సీ ప్రాంతములకు ఒక శాసనము చేసియుండెను. 1879 నాటి రంప పితూరీ నేర్పిన పాఠము దానివెనుక కలదు. అయినను అడవి ఆంక్షలును, బాటలపనులలో వెట్టిచాకిరియు మాననందున 1922-24 సంవత్సరములలో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున ఆ కొండలే మరల లేచినవి. శాసనము వ్రాతలో నుండుట వేరు, కొండమీద నడచుట వేరు. హైమన్‌డార్ఫ్ గారు వెదురు నరికించు గుత్తేదారులను, తీరని అప్పులను, అప్పుకు కట్టుబడి చేయు చాకిరిని వర్ణించిన పుటలు ఈ సత్యమునకు సాక్ష్యములు. రెడ్ల దైవములను గూర్చి వ్రాసిన చేతితోనే రెడ్ల ఋణములను గూర్చియు వ్రాయుట ఆ సంపుటము యొక్క విశేషము.

మూడవ సంపుటము ఆదిలాబాదు రాజగోండులను గూర్చినది, 1948లో ప్రకటితమైనది. ప్రధానులు కిక్రి వాయించుచు గానము చేయు వంశగాథలు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు సగలుగా నేర్పడిన గోత్రవ్యవస్థ, పెర్సపేన్ ఆరాధనము మున్నగునవి అందు విపులముగా నిరూపింపబడినవి. నిరక్షరులని మనము తేలికగా పలుకు జనులకు ఎంతటి వాఙ్మయ సంపద కలదో ఈ గ్రంథము చదివిన వారికి తెలియును. పాండిత్యమున ఇది మూడింటిలో ఉత్తమము.

కాని విమర్శకుడు ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. 1940లో జోడేఘాట్ యొద్ద కొమురం భీము నైజాము పోలీసుల తుపాకులకు బలియయ్యెను. ఆ తరువాతనే గోండుల అసంతృప్తికి కారణ మేమియో తెలియగోరి ప్రభుత్వము ఈ పండితుని సలహా కోరెను. ఆ కారణములు, అనగా పట్టాలేని సేద్యము, అడవినుండి వెడలగొట్టుట, పట్వారీల దౌష్ట్యము, 1945లో ప్రకటితమైన నాలుగు నివేదికల సంపుటమున విశదముగా నున్నవి. రాజగోండుల మహాగ్రంథమున ముందు నిలుచునవి పురాణములును, క్రతువులును. అనగా పండితులకొక కలము, సర్కారుకొక కలము నయ్యెను. దేవతలను పూజించు గోండును, భూమి కోల్పోవు గోండును ఒక్కడే. ఆ ఇరువురును వేర్వేరు పుస్తకములలో నుండుట ఆ గ్రంథమాలయందలి పెద్దలోపమని నా అభిప్రాయము.

ఆ సర్కారు కలము నిష్ఫలమైనదని మాత్రము చెప్పరాదు. 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రము వెలసినది. గోండి భాషలో వాచకములు తయారైనవి. 1945లో వారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున మానవశాస్త్రాచార్యులును, ప్రభుత్వమునకు గిరిజన వ్యవహారముల సలహాదారులును అయిరి. 1946లో గిరిజన ప్రాంతముల శాసనము వచ్చినది. లక్షకు పైబడిన ఎకరములకు గిరిజనులు పట్టాదారులైరి. పుష్యమాసపు అమావాస్యకు జరుగు కేస్లాపూరు నాగోబా జాతరలో అధికారులు కూర్చుండి గోండుల మొరలు వినవలెనను దర్బారు ఆచారము కూడ వారి సలహా ఫలమే. పండితుడు చెప్పగా ప్రభుత్వము వినుట మన దేశమున తరచు జరుగునది కాదు.

ఐతే ఈ కృషికి ఆధారము ఒక విశ్వాసము. దయగల అధికారియు, మంచి శాసనమును ఉన్నచో గిరిజనుడు నిలుచునని వారు నమ్మిరి. 1949లో వారు లండను ప్రాచ్య విద్యాపీఠమున చేరి, 1951 మొదలు ఆచార్యపదవి నిర్వహించి, 1976లో విశ్రాంతి గైకొనిరి. విశ్రాంతుడైన ఆచార్యుడు పూర్వయశస్సుతో తృప్తిపడి యుండవచ్చును. హైమన్‌డార్ఫ్ గారు అట్లు చేయక దంపతసహితముగా మరల తెలుగుదేశపు గిరిజన గ్రామములకు వచ్చి, తాము మునుపు చూచిన పొలములు ఎవరి చేతులలో నున్నవో విచారించిరి. 1979లో ఆంధ్రప్రదేశ్ గోండుల గ్రంథమును, 1982లో భారతదేశపు తెగల మనుగడ పోరాటమును గూర్చిన గ్రంథమును ఆ విచారణ ఫలములు.

1982 నాటి గ్రంథము వారి రచనలలో శైలిచేత కాకున్నను ధర్మముచేత శ్రేష్ఠము. ఇందు రెండు కలములును ఒకటైనవి. బాటలు పడగానే వలసదారులు వచ్చిరి. అప్పుపేరను, కౌలుపేరను పట్టాభూములు చేతులు మారినవి. 1959 నాటి భూబదలాయింపు నియంత్రణ శాసనము 1963లో తెలంగాణమునకు వ్యాపించి, 1970లో కట్టుదిట్టమైనను, అమలు చేయువారి ఉపేక్షచే భూమి జారిపోవుట ఆగలేదు. తన జీవితకృషి యెట్లు కూలినదో రచయిత తానే పుటపుటకు నిరూపించిరి. తన విశ్వాసమును తానే పరీక్షకు నిలిపిన ఈ సత్యసంధత పండితులలో అరుదు. ఆ గ్రంథము వెలువడుటకు ఒక సంవత్సరము ముందు, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో భూమిహక్కులకై కూడిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపిరి. నాగోబా దర్బారు జరుగు కేస్లాపూరు అచటికి సమీపమే.

ఇచ్చట తెలుగు పాఠకుడు తలవంచుకొని ఆలోచింపవలసిన విషయ మొకటి కలదు. గిరిజనులకు ఆ భూమి పట్టాలుగా దొరకినది నైజాము పాలన చివరి దినములలో. అది మరల జారిపోయినది 1956లో భాషారాష్ట్ర మేర్పడి పాలన మనచేతికి వచ్చిన పిదప. మన భాషకొక రాష్ట్రము కావలెనని కోరిన మనము, ఆ భాషనే పలుకు చెంచును, కొండరెడ్డిని ఆ కోరికలో ఎంతవరకు తలచితిమి? పోలవరము ఆనకట్ట ముంపులో నేడు కొండరెడ్ల పల్లెలున్నవి. ఈ ప్రశ్న పాతది కాలేదు.

బెట్టీ గారు 1987 జనవరి 11న హైదరాబాదులో మరణించిరి. వారి దేహమును మార్లవాయిలో సమాధి చేసిరి. ఆచార్యులు 1995 జూన్ 11న లండనులో కాలధర్మము నొందిరి. 2012లో వారి కుమారుడు అస్థికలను కొనివచ్చి ఆ సమాధి ప్రక్కనే నిక్షేపించెను. ఏటేట జనవరి 11న గోండులు అచట కూడి వారిని స్మరించుచున్నారు. ఆచార్యునిపై వారికి గల ప్రేమకు వేరు నిదర్శనము అక్కరలేదు. గోండులు తమ ఋణమును ఆ విధముగా తీర్చుకొనుచున్నారు. మనము తీర్చుకొనవలసిన ఋణము వేరు. ఆ సంపుటములను వింతల సంగ్రహములుగా గాక, మన పాలనపై ఒక సాక్షి వ్రాసియిచ్చిన వాఙ్మూలముగా చదువుట దానికి మొదటి మెట్టు.