పైతుప్పు: ఉక్కు సైకిలు ఫ్రేముకు చేసే మరమ్మతు

ఉక్కు సైకిలు ఫ్రేముకు రంగు విరిగిన చోట తుప్పు మొదలవుతుంది. గోడకు ఆనించినప్పుడు గీసుకున్న పైబారు, బ్రేకు రాడ్డు రాసుకునే హెడ్డు, క్యారేజీ బోల్టు కింది అంచు, స్టాండు బిగించిన వెనక గొట్టాలు: పాత సైకిలు ఏది చూసినా మచ్చలు దాదాపు ఈ చోట్లనే ఉంటాయి. నారింజ రంగు పొడిలా కనిపించే ఈ తొలిదశను పైతుప్పు అనవచ్చు. అప్పటికి గొట్టం బలానికి ముప్పు రాదు. ఒక పూట పని, రెండు ముక్కల ఉప్పుకాగితం, కాస్త ప్రైమరు చాలు. అలా వదిలేస్తే మాత్రం మచ్చ లోతుకు దిగి గుంటలవుతుంది, ఆ గుంటలు తిరిగి పూడవు.

రాగి బిందెకు పట్టే కిలుము సన్నని పొరగా అతుక్కుని కింది లోహాన్ని చాలావరకు కాపాడుతుంది. ఇనుముకు ఆ అదృష్టం లేదు. ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ కలిసి పుట్టే తుప్పు గుల్లగా ఉంటుంది. తాను తిన్న ఇనుముకంటే రెండింతలకు మించిన చోటు ఆక్రమిస్తుంది. అందుకే అంచుల్లో రంగును పైకి లేపుతుంది, లేచిన రంగు కింద తేమను దాచుకుంటుంది, ఆ తేమతో ఇంకా లోపలికి పాకుతుంది. పైన కందిగింజంత పొక్కు కనిపిస్తే, గోకి చూసినప్పుడు కింద రూపాయి బిళ్లంత మచ్చ బయటపడడం మామూలే.

ఉప్పు తోడైతే ఈ పని వేగం అందుకుంటుంది. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది, ఆ తేమలో కరిగి విద్యుత్తుకు దారి ఇస్తుంది. తుప్పు పట్టడం మూలంలో విద్యుత్ రసాయన చర్యే. కాబట్టి భీమిలిలోనో బందరులోనో సముద్రపు గాలి తగిలే వరండాలో నిలిపిన సైకిలుకు ఒక్క వానాకాలంలో తగిలే దెబ్బ, అనంతపురంలో ఎండిన గాలిలో ఉన్న సైకిలుకు ఏళ్లు గడిచినా తగలకపోవచ్చు. చేపల బుట్టలోంచి కారే ఐసునీళ్లు క్యారేజీ మీదుగా వెనక గొట్టాలకు జారడం, తొక్కేవారి చెమట పైబారు మీద బొట్లుగా పడి ఆరడం కూడా అదే కోవలోవి.

ఎంత జంకాలన్నది గొట్టం మందాన్ని బట్టి ఉంటుంది. 1949లో మద్రాసు అంబత్తూరులో మొదలైన టీఐ సైకిల్స్, 1951 నాటి సోనీపత్ అట్లాస్, 1956 నాటి లూధియానా హీరో: ఈ కంపెనీల నల్లరంగు బండ సైకిళ్లు మెత్తటి ఉక్కు గొట్టాలవి. గొట్టాలు కలిసే చోట ఉండే లగ్గులనే తొడుగుల్లో వాటిని దూర్చి ఇత్తడితో అతుకుతారు. గొట్టం దళసరి కనుక పైతుప్పు వాటిని ఏమీ చేయలేదు. 1935లో ఇంగ్లండులో వచ్చిన రేనాల్డ్స్ 531 వంటి పందెపు సైకిలు గొట్టాల సంగతి వేరు. వాటి మధ్యభాగం మందం అర మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. అంత పలచని గోడలో చిన్న గుంట కూడా పెద్ద లోపమే.

పనికి సరైన అదను ఓవరాయిలింగ్ రోజు. సైకిలు షాపులో చక్రాలు, ఫోర్కు, చెయిన్ వీలు అన్నీ ఊడదీసి బేరింగు గుళ్లను కిరసనాయిలులో కడిగేటప్పుడు ఫ్రేము ఒంటరిగా చేతికి వస్తుంది, ఎన్నడూ గుడ్డ తగలని మూలలు కూడా కనిపిస్తాయి. కిరసనాయిలులో తడిపిన గుడ్డతో మచ్చను తుడిచినప్పుడు పొడి రాలి నున్నటి ఉక్కు తేలితే అది పైతుప్పు. ముదురు గోధుమరంగు పెచ్చులు ఊడితే వ్యవహారం ముదిరినట్టు. దబ్బనం మొనతో గట్టిగా నొక్కాలి. మొన దిగినా, గొట్టం లోపలికి నొక్కుకున్నా ఆ ఫ్రేమును రంగుతో కప్పి తొక్కకూడదు. లగ్గు అంచునో ఫోర్కు మెడలోనో తుప్పు గీత సన్నగా వెంట్రుకలా సాగి ఉంటే అది పగులు కావచ్చు.

ఉప్పుకాగితం పట్టేముందు సబ్బునీళ్లతో, ఆపైన మంచినీళ్లతో ఫ్రేమును బాగా కడగాలి. చాలామంది దాటవేసే మెట్టు ఇదే, కోస్తాలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. ఉప్పు ఉండగానే రుద్దితే అది గుంటల అడుగుకు చేరుతుంది. పైన ఎంత మంచి రంగు వేసినా వచ్చే వానలకు అదే చోట మళ్లీ పొక్కులు లేస్తాయి. కొత్త రంగు నెలల్లో ఊడిపోయిందని డబ్బాను తిట్టుకునే సందర్భాల్లో చాలావాటికి మూలం కడగకపోవడమే.

రుద్దడంలో మెత్తటి సాధనంతో మొదలుపెట్టి, చాలకపోతేనే గరుకుదానికి వెళ్లాలి. గట్టి మచ్చకు 120 నంబరు, తర్వాత 220, చివరకు 400 నంబరు వాటర్ పేపరు నీళ్లు చల్లుతూ పట్టాలి. తడిరుద్దుడు వల్ల ధూళి లేవదు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కనుక ఇది ఆరోగ్యానికీ అవసరం. మచ్చ చుట్టూ గట్టిగా ఉన్న రంగు అంచును వేలికి మెట్టు తగలనంతగా ఏటవాలుగా అరగదీయాలి. గ్రైండరుకు తగిలించే వైరు బ్రష్షు పని త్వరగా చేస్తుంది గానీ, లగ్గుల సన్నని అంచులనూ బంగారు గీతలనూ ఒక్క క్షణంలో మింగేస్తుంది. బండ సైకిలు అందమంతా ఆ చేతిగీతల్లో, హెడ్డు మీది బిళ్లలో ఉంది. గట్టిగా నిలిచిన పాత రంగును ఎక్కడికక్కడ ఉంచి, చెడినంత మేరకే పని చేయడం మేలు. ఫ్రేమంతా గీకి కొత్త రంగు కొట్టించిన సైకిలుకంటే, పాత గీతలతో నిలిచి మచ్చలు మాత్రం మానిన సైకిలుకే విలువ ఎక్కువ.

గుంటల్లో మిగిలిన తుప్పును కాగితం అందుకోలేదు. అక్కడ పులుపు కావాలి. ఇత్తడి సామాన్లు తోమే చింతపండులోని టార్టారిక్ ఆమ్లం తుప్పునూ కొంత కరిగిస్తుంది, నిమ్మరసమూ అంతే. ఇంకా బాగా పనిచేసేది ఆక్సాలిక్ ఆమ్లం. లీటరు నీటికి 20 నుంచి 30 గ్రాములు కలిపి, గుడ్డపేలిక తడిపి మచ్చకు చుట్టి కొన్ని గంటలు ఉంచితే తుప్పు కరుగుతుంది, ఉక్కుకు, రంగుకు పెద్దగా హాని ఉండదు. కానీ అది విషం. చేతి తొడుగులు తప్పనిసరి, పిల్లలకు అందకూడదు. బాత్రూం కడిగే హైడ్రోక్లోరిక్ ఆమ్లం మాత్రం ఫ్రేము దరికి రానివ్వకూడదు. అది తుప్పుతో ఆగక ఉక్కునే తింటుంది, దాని ఆవిరి గదిలోని మిగతా పనిముట్లకూ తుప్పు పట్టిస్తుంది. ఏ పులుపు వాడినా వెంటనే వంటసోడా నీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉక్కు నిమిషాల్లో మళ్లీ నారింజ రంగు తిరుగుతుంది.

తుప్పును తీయడం కాక మార్చేసే పద్ధతులూ ఉన్నాయి. ఫాస్ఫారిక్ ఆమ్లం తుప్పును ఐరన్ ఫాస్ఫేటుగా మారుస్తుంది. బూడిదరంగులో ఏర్పడే ఆ పొర రంగును గట్టిగా పట్టుకుంటుంది. థామస్ వాట్స్ కాస్లెట్ 1906లో బ్రిటన్‌లో పేటెంటు పొందిన ఫాస్ఫేటు పూతకు ఆధారం ఈ రసాయనమే. పాత ర్యాలీ కంపెనీ సైకిలు ఫ్రేముల మీద కనిపించే ‘స్ప్రా-బాండరైజ్డ్’ ముద్ర కూడా ఇలాంటి పూతకు గుర్తు. రెండోది టానిన్. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో పులియబెట్టి కసిమి తయారుచేస్తారు. కరక్కాయ రసంలో ముంచిన బట్ట మీద ఆ కసిమి తగలగానే నల్లని గీత పడుతుంది. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి నీటిలో కరగని నల్లని పదార్థమవుతుంది. దుకాణంలో దొరికే తుప్పు నివారణ ద్రవాల్లో చాలావాటి పని ఇదే: మచ్చ మీద పూస్తే నారింజ రంగు నల్లబడి ఆగిపోతుంది. బట్ట మీద వందల ఏళ్లుగా గీస్తున్న నలుపు, ఫ్రేము మీద తుప్పుకు అడ్డుకట్ట అవుతోంది.

హ్యాండిలు, రిమ్ముల నికెల్ క్రోమియం పూతకు ఈ ఆమ్లాలు అవసరం లేదు. పూతలోని సన్నని రంధ్రాల గుండా లోపలి ఉక్కు తుప్పుపట్టి చుక్కలుగా తేలుతుంది. అల్యూమినియం రేకును ఉండచేసి నీళ్లలో ముంచి రుద్దితే చుక్కలు పోతాయి. అల్యూమినియం క్రోమియంకంటే మెత్తన కనుక గీతలు పడవు.

శుభ్రపడిన ఉక్కుకు అదే రోజు ప్రైమరు పడాలి. అందరికీ తెలిసిన రెడ్ ఆక్సైడులోని ఎర్రరంగు కూడా ఐరన్ ఆక్సైడే, అంటే తుప్పుకు దగ్గరి చుట్టం. కాకపోతే ఇక్కడ అది జిగురులో కలిసి గట్టిపడి, నీటిని అడ్డుకునే పొరలో భాగమవుతుంది. ఒకే మందపాటి పూతకంటే రెండు పలచని పూతలు మెరుగు. ఒక్కో పూత రాత్రంతా ఆరాక 400 నంబరు కాగితంతో తేలికగా రుద్ది, పైన ఎనామెల్ రంగు రెండుసార్లు వేయాలి. వానలు పడే రోజుల్లో గాలి తడి వల్ల రంగు మెరుపు తగ్గి పాలిపోతుంది. సంక్రాంతి దాటి ఉగాది లోపల చేసిన పని నిలుస్తుంది.

కంటికి కనబడని తుప్పు గొట్టాల లోపల ఉంటుంది. సీటు గొట్టం పైనుంచి, రంధ్రాల నుంచి దిగిన వాననీరు పెడళ్ల ఇరుసు ఉండే అడుగు గూటిలో నిలుస్తుంది. ఓవరాయిలింగులో కప్పులు విప్పినప్పుడు ఆ గూటిని తుడిచి, కాచిన అవిసె నూనెను గొట్టాల్లో పోసి, ఫ్రేమును నలువైపులా తిప్పి, మిగిలినది కారిపోనివ్వాలి. గాలి తగిలి ఆ నూనె రెండు మూడు రోజుల్లో సన్నని పొరగా గట్టిపడుతుంది. అప్పుడు గ్రీజు పెట్టి గుళ్లు, కప్పులు బిగించాలి. సీటు కడ్డీకి కూడా గ్రీజు పూయకపోతే తుప్పుతో గొట్టంలోనే ఇరుక్కుపోతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పారేయకూడదు. ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతట అవే అంటుకోవచ్చు. వాటిని పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచి పారేయాలి.