ఇచ్చిన మాట, దాచిన తుపాకి

దొంగలు బ్యాంకులో చొరబడి లోపలివారిని బందీలుగా పట్టుకోవడం, వెలుపల పోలీసులు మోహరించడం, నడుమ టెలిఫోను మీద బేరసారాలు సాగడం నేరకథల్లో బాగా నలిగిన ఇతివృత్తం. ఇలాంటి కథల్లో ప్రేక్షకుణ్ణి పట్టి ఉంచే ప్రశ్న సాధారణంగా ఒక్కటే: ఎవరు బతుకుతారు, ఎవరు చస్తారు? కాని సిడ్నీ లూమెట్ దర్శకత్వంలో 1975లో వెలువడిన ‘డాగ్ డే ఆఫ్టర్‌నూన్’ అనే అమెరికన్ చిత్రం చూసినవారిని, చిత్రం ముగిసిన తరువాత కూడా, వేరొక ప్రశ్న వెంటాడుతుంది. నేరస్థుడికి ఇచ్చిన మాటకు విలువ ఉన్నదా, లేదా?

చిత్రానికి ఆధారం యథార్థ సంఘటన. 1972 ఆగస్టు 22న న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్ ప్రాంతంలో ఛేజ్ మన్‌హట్టన్ బ్యాంకు శాఖలో దోపిడీ యత్నం జరిగింది. మ్యూనిచ్ ఒలింపిక్స్‌లో ఇజ్రాయెల్ క్రీడాకారులను బంధించిన ఘటనకు ఇది సరిగ్గా రెండు వారాల ముందటి మాట. బందీలను పట్టినవారితో మాట్లాడేందుకు ప్రత్యేక శిక్షణ పొందిన దళమేదీ న్యూయార్కు పోలీసులకు అప్పటికి లేదు. అటువంటి దళం 1973లో గాని ఏర్పడలేదు. చిత్రంలోని పోలీసు అధికారి మొరెట్టి తడబాటును ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి. అతడికి శాస్త్రం తెలియదు. అరుస్తాడు, బతిమాలుతాడు, చెమటలు కక్కుతాడు. ఒకవైపు దొంగతో మాట్లాడుతూ ఉండగానే మరోవైపు తన పోలీసులే భవనం వెనుక నుండి చొరబడజూస్తారు. అవతలివాడి నమ్మకానికి మొదటి దెబ్బ అక్కడే తగులుతుంది. చార్లెస్ డర్నింగ్ ఆ పాత్రను ఎంతో సహజంగా పోషించాడు.

దొంగలు ఇద్దరు: సానీ (అల్ పచీనో), శాల్ (జాన్ కజేల్). ఇద్దరూ వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చినవారు. సానీ దోపిడీకి దిగిన కారణం, తాను జతకట్టిన లియోన్ అనే పురుషునికి లింగమార్పిడి శస్త్రచికిత్స చేయించడానికి డబ్బు కావలసి రావడం. అటువంటి సంబంధం విషయంలో షరీఅత్ ఏమంటుందో పాఠకులకు చెప్పనక్కరలేదు. అయితే ఆ ఒక్క కారణం చేత చిత్రాన్ని పక్కకు నెట్టివేస్తే, అది లేవనెత్తిన నైతిక సమస్యను కూడా పక్కకు నెట్టినట్లవుతుంది. ఒక మనిషి పాపి కావడం, అతనికి మాట ఇచ్చినవాడు ఆ మాటకు బద్ధుడు కావడం, ఇవి వేరువేరు విషయాలు.

కళాపరంగా చిత్రం ప్రశంసార్హమైనది. ఆరంభంలో వినిపించే ఒక పాట మినహా నేపథ్య సంగీతం లేదు. ఎక్కడ భయపడాలో, ఎక్కడ జాలిపడాలో ప్రేక్షకునికి వాద్యాలు చెప్పవు, అతడే నిర్ణయించుకోవాలి. ఫ్రాంక్ పియర్సన్ రచనకు ఉత్తమ స్క్రీన్‌ప్లేగా ఆస్కార్ బహుమతి లభించింది. అది న్యాయమైనదే. ఎందుచేతనంటే బందీలు ఇందులో కేవలం బొమ్మలు కారు. బయటపడే అవకాశం వచ్చినా, తన కింద పనిచేసే అమ్మాయిలను వదిలిపోలేనని లోనికి తిరిగివచ్చే ఉద్యోగిని ఉన్నది. మధుమేహంతో సొమ్మసిల్లినా తన స్థానం విడువని మేనేజరు ఉన్నాడు. తమకు అప్పగించబడినవారి యెడల బాధ్యత, అంటే అమానత్, ఆ ఇద్దరిలో నిండుగా కనిపిస్తుంది.

చిత్రంలో బాగా ప్రసిద్ధి పొందిన ఘట్టం, సానీ వీధిలోకి వచ్చి ‘అటికా’ అని అరవడం. 1971 సెప్టెంబరు 9న న్యూయార్కు రాష్ట్రంలోని అటికా కారాగారంలో ఖైదీలు తిరగబడి ఉద్యోగులను బందీలుగా పట్టుకున్నారు. నాలుగు రోజుల సంప్రదింపుల తరువాత, 13న రాష్ట్ర ప్రభుత్వం కాల్పులకు దిగింది. ఆ కాల్పుల్లో 29 మంది ఖైదీలు, 10 మంది బందీలు మరణించారు. బందీల గొంతులు ఖైదీలే కోశారని అధికారులు మొదట ప్రకటించారు. శవపరీక్షలో తేలినది వేరు: వారందరూ ప్రభుత్వ తూటాలకే బలి అయ్యారు. వీధిలోని జనం ఆ ఒక్క పేరు వినగానే కేరింతలు కొట్టడానికి కారణం ఇదే. పాలకుల మాట మీద నమ్మకం అప్పటికే చచ్చిపోయింది.

చిత్రం చెప్పని సంగతి మరొకటి ఉన్నది. అటికా ఖైదీల కోరికల్లో మతస్వేచ్ఛ ఒకటి. తమ భోజనంలో పంది మాంసం తగ్గించమన్నది మరొకటి. తిరుగుబాటు గందరగోళంలో బందీలపై చెయ్యి పడకుండా చుట్టూ కాపలా నిలిచినవారు నల్లజాతి ముస్లిం ఖైదీలు. లూమెట్ ఒక నినాదాన్ని మాత్రం తీసుకొని, దాని వెనుక ఉన్న ఈ మనుషులను వదిలివేశాడు. పైగా పారిపోవడానికి సానీ ఎంచుకున్న దేశం అల్జీరియా. ఆ పేరు రాగానే అక్కడి జనం వేషధారణ మీద ఒక పరిహాసం దొర్లుతుంది. అది పాత్ర అజ్ఞానమే కావచ్చు. కాని ఆ అజ్ఞానాన్ని సరిదిద్దే మాట చిత్రంలో ఎక్కడా లేదు. ముస్లిం దేశం ఇక్కడ ఒక హాస్యోక్తికి సరుకు మాత్రమే.

ఇక ముగింపు. మొరెట్టిని పక్కకు తప్పించి ఎఫ్.బి.ఐ. అధికారి షెల్డన్ రంగంలోకి దిగుతాడు. ఆయన అరవడు. విమానం వస్తుందని నెమ్మదిగా మాట ఇస్తాడు; శాల్ సంగతి తాము చూసుకుంటామని సానీ చెవిలో సూచన కూడా వేస్తాడు. విమానాశ్రయంలో, ఎన్నడూ విమానమెక్కని శాల్ భయపడుతూ ఉంటే బందీగా ఉన్న ఒక అమ్మాయి తన జపమాల అతని చేతిలో పెడుతుంది. మరి కొద్ది క్షణాలకు కారు నడుపుతున్న ఏజెంటు, దాచి ఉంచిన తుపాకి తీసి అతని తల మీద కాలుస్తాడు. బందీలు బతికి బయటపడతారు. చట్టం గెలుస్తుంది. అయినా ప్రేక్షకుని మనసు కలతపడుతుంది. ఎందుకు?

బందీలను పట్టడం ఘోర నేరం; ఇందులో మీనమేషాలు లేవు. దారులు కొట్టి భయోత్పాతం సృష్టించేవారికి దివ్యఖుర్ఆన్ మాయిదా సూరా 33వ ఆయత్‌లో కఠిన శిక్షలు విధించింది. కాని వెనువెంటనే 34వ ఆయత్‌లో, పట్టుబడక ముందే పశ్చాత్తాపపడి మరలివచ్చినవారికి మినహాయింపు ఇచ్చింది. బాధితుల హక్కులు మాత్రం అలాగే నిలుస్తాయని ధర్మశాస్త్రవేత్తలు వివరించారు. అంటే ఆయుధం దించే దారి నేరస్థునికి చివరిదాకా తెరిచి ఉండాలి. ఆ దారికి ద్వారబంధం, ఎదుటివాని మాట మీద నమ్మకమే.

హజ్రత్ ఉమర్ (రజి) ఎదుటికి పారశీక సేనాని హుర్ముజాన్‌ను బందీగా తెచ్చిన ఉదంతం ప్రసిద్ధమైనది. నీళ్ళు తాగేదాకా ప్రాణభయం లేదని ఖలీఫా అన్నారు. అతడు గిన్నెలోని నీళ్ళు నేల మీద పారబోశాడు. అది ఎత్తు అని తెలిసీ, నోట వెలువడిన మాట అమాన్‌గా నిలిచింది. అతని ప్రాణం దక్కింది. ‘యుద్ధమంటే ఎత్తుగడ’ అనే భావం గల హదీసును కొందరు ఎదురు చూపవచ్చు. అయితే ఎత్తుగడ వేరు, ఇచ్చిన అమాన్‌ను భంగపరచడం వేరు అని ఉలమా స్పష్టం చేశారు. అమాన్ నిబంధన యుద్ధశత్రువుకు చెందినది, బ్యాంకు దొంగకు నేరుగా వర్తించదన్న మాట నిజమే. కాని శత్రుసేనానికే దక్కిన మాట విలువ, దారి తప్పిన పౌరునికి దక్కకూడదనడం వింత న్యాయం.

మాట నిలుపుకుంటే బందీల ప్రాణాలు పోవా అన్నది బలమైన ఆక్షేపణ. దీనికి సమాధానం మరో వాస్తవ ఘటనలో ఉన్నది. 1977 మార్చి 9న వాషింగ్టన్‌లో హమాస్ అబ్దుల్ ఖాలిస్, అతని అనుచరులు మూడు భవనాల్లో నూటికి పైగా జనాన్ని నిర్బంధించారు. వాటిలో ఇస్లామిక్ సెంటర్ కూడా ఒకటి. 1973లో తన ఇంట పిల్లలతో సహా ఏడుగురు హతులైన దుఃఖం అతనిది. ఎంత దుఃఖమైనా ఆ దుశ్చర్యకు సమర్థన కాజాలదు. ఒక యువ విలేఖరి అందులో ప్రాణం కోల్పోయాడు. ఈజిప్టు, ఇరాన్, పాకిస్తాన్ రాయబారులు నిరాయుధులుగా వెళ్ళి అతని ఎదుట కూర్చున్నారు. ఖుర్ఆన్ వాక్యాలు వినిపించారు. 11వ తేదీ తెల్లవారుజామున బందీలందరూ విడుదలయ్యారు. విచారణదాకా ఖాలిస్‌ను జామీను లేకుండా ఇంటికి పోనిస్తామని ఒప్పుకున్న ప్రభుత్వం, విమర్శలు వచ్చినా, ఆనాడు ఆ మాట నిలుపుకున్నది. తరువాత న్యాయస్థానం అతనికి దీర్ఘకాల శిక్ష విధించింది. 2003లో అతడు కారాగారంలోనే మరణించాడు. మాటా దక్కింది, న్యాయమూ జరిగింది.

‘డాగ్ డే ఆఫ్టర్‌నూన్’ గొప్ప చిత్రమే. శాల్ మృతదేహం కదిలిపోతుండగా సానీ ముఖం మీద కెమెరాను నిలిపిన లూమెట్‌కు, అక్కడ ఏదో తప్పు జరిగిందని తెలుసు. కాని ఆ తప్పు పేరు చిత్రం చెప్పదు. దానికి పేరు ఉన్నది: ద్రోహం. ఈ కథ చూసి, నేరస్థుడు చచ్చాడు గనుక అంతా బాగానే ముగిసిందని తృప్తిపడే పాఠకుడు ఒక్క సంగతి ఆలోచించాలి. రేపు మరొక భవనంలో మరొకడు బందీల తలకు తుపాకి గురిపెట్టి నిలుస్తాడు. వెలుపలి నుండి వచ్చే మాటను అతడు నమ్మితేనే ఆ బందీలు బతుకుతారు. శాల్‌ను కాల్చిన తూటా ఆ నమ్మకాన్ని కూడా కాల్చింది.