సున్నపు గోడల్లో కొత్త తీగ

బీదర్ పాతబస్తీలో చాలా ఇళ్లు లేటరైట్ కట్టడాలే. నేలలోంచి తీసినప్పుడు మెత్తగా కోతకు లొంగి, గాలి తగిలేకొద్దీ గట్టిపడే ఎర్రరాయి అది. డంగుసున్నంతో పేర్చి, పైన సున్నపు గార మెత్తిన ఆ మందపాటి గోడల మధ్య పాత వైరింగు తీసి కొత్తది వెయ్యడం ఎంత నేర్పున్న పనో చౌబారా బురుజు దగ్గరి ఒక ఇంట్లో చూశాను. ఎలక్ట్రీషియన్ పనిని మనం లైటు వెలిగిందా లేదా అన్నదాంతోనే కొలుస్తాం. అతని పనితనమంతా స్విచ్చు వెయ్యకముందే ఉంది.

పాతది టేకు చెక్క కేసింగు. పట్టీలో రెండు గాళ్లు, ఒకదాంట్లో ఫేజు, ఇంకోదాంట్లో న్యూట్రల్, పైన మూత పట్టీ, దానికి మరలు. తొందరపడి పీకకుండా ఆ మరలన్నీ విప్పాడు. లోపల నూలు అల్లిక కప్పిన రబ్బరు వైరు. గోడ నడుమ అది ఇంకా వంగుతూనే ఉంది. హోల్డరు దగ్గర మాత్రం వేలు తగిలితే చాలు, పొడిపొడిగా రాలింది. ఏళ్లకేళ్లు బల్బు వేడి తిన్న చోటు మరి. రబ్బరు ఊడితే రాగి మీద తగరం పూత కనిపించింది. రబ్బరును గట్టిపరచడానికి కలిపే గంధకం రాగిని తినకుండా అప్పట్లో అలా పూసేవారు. ఇక జాయింట్లు! రెండు కొసలనూ ఒకదాని మీదొకటి బిగువుగా మెలిపెట్టి, టంకం పోసి, టేపు చుట్టారు. ఇన్నేళ్లకూ వదులు కాలేదు. ఎవరు చేశారో గాని, ఆ చెయ్యి గొప్పది. ఇతను ఒక జాయింటు కత్తిరించి, అటూ ఇటూ తిప్పి చూసి జేబులో వేసుకున్నాడు.

తర్వాతెప్పుడో కట్టిన వెనక గదిలో అల్యూమినియం వైరు. రాగి కోసం దిగుమతుల మీద ఆధారపడిన రోజుల్లో దేశంలో చాలా ఇళ్లకు అదే వేశారు. మర కింద అల్యూమినియం నెమ్మదిగా నలిగి జారుతుంది, పట్టు సడలుతుంది, ఆక్సైడు పొర కడుతుంది, ఆ చోట వేడి పుడుతుంది. ఆ గదిలో సాకెట్టు వెనక భాగం మాడిపోయి ఉంది.

మెయిన్ బోర్డులో రెండు పింగాణీ ఫీజులు, ఫేజుకొకటి, న్యూట్రల్‌కొకటి. ఇది నిజంగా ప్రమాదం. న్యూట్రల్ ఫీజు పోతే లైటు ఆరిపోతుంది, కరెంటు లేదనుకుంటాం. తీగలో 230 వోల్టులూ అలాగే ఉంటాయి. అతను మొదట తీసేసింది దాన్నే. న్యూట్రల్‌ను నేరుగా లింకుకు కలిపి, ఫేజులకు ఎంసీబీలు పెట్టాడు.

ఇక తీగకు దారి వెతకాలి. సిమెంటు గోడలో లాగా మిషన్‌తో గాడి కొడితే ఆ అదురుకు సున్నపు గార పెచ్చులుగా ఊడుతుంది. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ఊరు కదా, తెలంగాణ మాట ఇక్కడ ఇంకా వినిపిస్తుంది. “గోడ పలగ్గొడ్తవా బిడ్డా?” అని ఇంటి పెద్దమ్మ అడిగితే, “లేదమ్మా, పాత పట్టి పోయిన తొవ్వల్నే పోత” అన్నాడు. అలాగే దూలాల వారగా పైపు నడిపాడు. స్విచ్చుల దగ్గరికి దింపాల్సిన చోట మాత్రం గారను తడిపి, ఉలితో నిలువుగా సన్నని గాడి తీశాడు. బిద్రీ పనివాళ్లు జింకు, రాగి కలిసిన లోహంలో గాడి చెక్కి వెండి తీగ కూర్చే తీరు గుర్తొచ్చింది. ఇక్కడా గాడి అవసరానికి వెంట్రుకవాసి ఎక్కువ లేదు. పూడ్చడానికి సిమెంటు వాడలేదు, సున్నమే వాడాడు. సిమెంటు పూత వెనక సున్నపు గోడ చెమ్మ పట్టి ఉబ్బుతుంది.

లైట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ప్లగ్గులకు 2.5, గీజరుకు 4. ఒక లైటు సర్క్యూట్‌లో 10 పాయింట్లు, 800 వాట్లు దాటనివ్వలేదు. పైపు లోపల ఎక్కడా అతుకు లేదు, జాయింటు ఏదైనా తెరిచి చూడగల పెట్టెలోనే. రేపు ఏది చెడినా గోడ జోలికి పోకుండా బాగుచేయొచ్చు.

ఎర్తింగ్‌కు ఈ నేల మొండికేస్తుంది. లేటరైట్ గుల్లరాయి, వానను కిందికి వదిలేస్తుంది. ఆ నీటి కోసమే బహమనీల కాలంలో నౌబాద్‌లో నేల లోపల కరేజ్ సొరంగాలు తవ్వారు. పైన మాత్రం నేల త్వరగా ఎండుతుంది. అందుకే రెండున్నర మీటర్ల జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, ఎండాకాలం గుంతలో నీళ్లు పొయ్యమని ఇంటివాళ్లకు గట్టిగా చెప్పాడు.

చివర్లో ఆర్‌సీసీబీ పెట్టగానే పడిపోయింది. కరెంటు 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పితే అది పడిపోయి సరఫరా తెంచేస్తుంది. ఇక్కడే చాలామంది దాన్ని తప్పించి నేరుగా కలిపేస్తారు. ఇతను సరఫరా ఆపి, వైరు ఇన్సులేషన్‌ను కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో ఒక్కో సర్క్యూట్ కొలిచాడు. అన్నిట్లోనూ ముల్లు పైకి పోయింది, వంటింటి సర్క్యూట్‌లో మాత్రం ఒక మెగాఓమ్ కన్నా దిగువనే నిలిచింది. దాన్ని నడిమి పెట్టెలో విడగొట్టి సగం, అందులో మళ్లీ సగం కొలుచుకుంటూ పోతే, ప్లగ్గు పెట్టె మూలలో ఒక మర పదును వైరు తోలును గీరి ఇనుప పెట్టెకు అంటుకుని ఉంది. ఆ ముక్క తీసేసి కొత్త వైరు లాగాడు. ఈసారి ఆర్‌సీసీబీ నిలిచింది. టెస్టు బటన్ నొక్కి, టక్కున పడడం ఇంటివాళ్లకు చూపించాడు, నెలకోసారి అలా నొక్కమన్నాడు. ఏ ఎంసీబీ ఏ గదిదో, ఎర్తు ఎన్ని ఓములు వచ్చిందో, ఏ తేదీన కొలిచాడో కాగితం మీద రాసి బోర్డు తలుపు లోపల అంటించాకే పని సామాను సర్దుకున్నాడు.