ముందు స్టేజీ, తర్వాత సాధన

మన దగ్గర సంగీతం నేర్చుకోవడానికి ఒక వరస ఉంది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు. కచేరీ ఊసెత్తాలంటే ఏళ్లు గడవాలి. 1978లో లాస్ ఏంజెలెస్‌లో కొందరమ్మాయిలు ఈ వరసను తిరగేశారు. ముందు బ్యాండు పెట్టేసి, ఆ తర్వాత వాయించడం నేర్చుకున్నారు. అదే ‘ది గో-గోస్’.

హాలీవుడ్‌లో ఒక నేలమాళిగలో మాస్క్ అనే క్లబ్బు ఉండేది. పంక్ అనే మొరటు, వేగపు రాక్ సంగీతాన్ని ఇష్టపడే కుర్రకారుకు అదే అడ్డా. బాగా వాయించేవాళ్లకు అక్కడ ప్రత్యేక గౌరవమేమీ లేదు. ఎక్కి వాయిస్తే చాలు. బెలిండా కార్లైల్ పాటకి, జేన్ వీడ్లిన్ గిటారుకి అక్కడే దిగారు. రాక్ అంటే మగపిల్లల వ్యవహారమనుకునే రోజుల్లో ఆ తలుపు తెరిచింది పంకే. దాన్ని నేను తక్కువ చేయను. కానీ వీళ్ల కథ చెప్పేవాళ్లు చాలామంది ఆ అల్లరి దగ్గరే మురిసిపోయి ఆగిపోతారు. నాకు ఆసక్తి ఆ తర్వాతి ముచ్చట మీద.

షార్లెట్ క్యాఫీ శాస్త్రీయ పియానో నేర్చిన మనిషి. వేరే పంక్ బ్యాండులో బేస్ వాయించి వచ్చి, ఇక్కడ లీడ్ గిటారు కొత్తగా పట్టింది. 1979లో బాల్టిమోర్ నుంచి వచ్చిన జీనా షాక్ డ్రమ్స్ ముందు కూర్చుంది. క్రమం తప్పకుండా రిహార్సల్ జరగాల్సిందేనని పట్టుబట్టింది ఆవిడే. ఈ బ్యాండుకు అసలు గురువు ఎవరంటే నేను జీనా పేరే చెబుతాను.

1980లో ఇంగ్లండ్ వెళ్లి మ్యాడ్‌నెస్, స్పెషల్స్ బ్యాండ్ల కచేరీలకు ముందు వాయించారు. జనంలోని స్కిన్‌హెడ్లు, అంటే గుండు కొట్టించుకుని తిరిగే కుర్రాళ్లు, ఉమ్మేవాళ్లు. అలాంటి జనం ముందు రాత్రి తర్వాత రాత్రి తాళం తప్పకుండా నిలబడటం కూడా సాధనే. తిరిగొచ్చేసరికి సొంతూళ్లో టికెట్ల కోసం జనం ఎగబడ్డారు. పెద్ద రికార్డు కంపెనీలు మాత్రం ఆడపిల్లల బ్యాండా అని మొహం తిప్పుకున్నాయి. చివరికి 1981లో ఐఆర్‌ఎస్ అనే చిన్న కంపెనీ సంతకం పెట్టించుకుంది.

ఈలోగా ఒక మనిషి బయటికి వెళ్లాల్సి వచ్చింది. బ్యాండు పాప్ వైపు మళ్లుతున్నా పంక్ మీద మమకారం చావని బేసిస్టు మార్గో ఒలవారియాను తీసేశారు. గిటారిస్టయిన క్యాథీ వాలంటైన్ కొద్ది రోజుల్లో బేస్ పాఠాలు పట్టి, 1980 చివరి కచేరీలకు స్టేజీ ఎక్కింది. మార్గో పట్ల జరిగింది న్యాయమని నేననను. పేరు రాబోయే ముందే బయటికి పంపడం ఎవరికైనా మంటే.

‘బ్యూటీ అండ్ ద బీట్’ ఆల్బం తీసిన నిర్మాత రిచర్డ్ గాటరర్ పాటల వేగం తగ్గించాడు. మొదటిసారి విన్నప్పుడు వీళ్లకు ఏడుపొక్కటే తక్కువ. పంక్ రికార్డు చేశామనుకుంటే పాప్ రికార్డు వచ్చిందేమిటని గోల. నేను గాటరర్ పక్షం. మూడో కాలంలో పాడేటప్పుడు జారిపోయే స్వరం ఒకటో కాలంలో దొరికిపోతుందని మన సంగీతం టీచర్లందరికీ తెలుసు. వేగం తగ్గితే తప్పు దాక్కోదు. అప్పటికే వీళ్ల దగ్గర దాచాల్సినన్ని తప్పులు మిగల్లేదు. అందుకే వీడ్లిన్, స్పెషల్స్ గాయకుడు టెరీ హాల్ కలిసి రాసిన ‘అవర్ లిప్స్ ఆర్ సీల్డ్’లో ప్రతి మాటా వినబడింది.

1982 మార్చిలో ఆ ఆల్బం అమెరికాలోని బిల్‌బోర్డు ఆల్బంల పట్టికలో మొదటి స్థానానికి చేరి ఆరు వారాలు అక్కడే కూర్చుంది. సొంత పాటలు రాసుకుని సొంతంగా వాయించుకున్న ఆడవాళ్ల బ్యాండుకు అది దక్కడం అదే మొదటిసారి. తమాషా ఏమిటంటే, అప్పుడు వీళ్లు ‘ది పోలీస్’ అనే రాక్ బ్యాండు కచేరీలకు ముందు వాయించేవాళ్లే. ముఖ్య అతిథుల రికార్డు వీళ్ల వెనకపడింది.

1985లో విడిపోయారు, మళ్లీ కలిశారు, తగువులాడుకున్నారు. 2021లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు తీరిగ్గా పిలిచారు. ఈ బ్యాండును కొత్తగా వినేవాళ్లకు నేను ముందు పెట్టేది క్యాఫీ రాసిన ‘వుయ్ గాట్ ద బీట్’. గిటార్లు రాకముందు జీనా డ్రమ్స్ ఒక్కటే మోగుతుంది కదా, అక్కడ వాల్యూమ్ పెంచమంటాను.