పచ్చమట్ట జోలికి పోవద్దు

హైదరాబాద్ శివారు విల్లాల గేట్ల దగ్గర, ఊళ్ల బైపాస్ డివైడర్ల మీద ఇప్పుడు ఎటు చూసినా ఫాక్స్‌టెయిల్ పామ్ కనిపిస్తోంది. కడియం నర్సరీల్లో అడగ్గానే దొరికే మొక్క. మట్ట ఈనె చుట్టూ అన్ని వైపులకూ విచ్చుకునే ఆకులతో నక్కతోకలా గుబురుగా ఉంటుంది కాబట్టే దానికా పేరు. ఆ గుబురు చూసే కొంటాం. తీరా నాటాక కొన్నాళ్లకు చాలా చెట్ల నెత్తిన రెండు మూడు మట్టలు మాత్రం నిటారుగా మిగిలి ఉంటాయి. ఆ పని చేసింది పురుగూ కాదు, తెగులూ కాదు. చెట్టును ‘శుభ్రం’ చేయాలనే మన సరదా. ఈ చెట్టుకు కత్తితో అసలు పనే లేదని నా వాదన.

దీని పుట్టిల్లు ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ఉత్తర భాగంలో ఉన్న కేప్ మెల్విల్. అక్కడి గ్రానైట్ బండల గుట్టల మధ్య, వదులు ఇసుక నేలలో, కొద్దిపాటి ప్రాంతంలోనే అది సహజంగా పెరుగుతుంది. ఆ జాతికి శాస్త్రీయ నామం పెట్టింది 1983లోనే. తర్వాత పదేళ్లకే దాని విత్తనాల కోసం దొంగలు అక్కడి జాతీయ పార్కు మీద పడ్డారంటే గిరాకీ ఎంతటిదో ఊహించుకోవచ్చు. అక్కడ వానాకాలంలో కుండపోత, ఆపైన నెలల తరబడి పొడి వాతావరణం. నీరు వేరు దగ్గర నిలవదు. ఉష్ణమండలపు చెట్టు కదా అని పాదులో రోజూ నీళ్లు నింపేవాళ్లు గమనించాల్సింది ఇదే. దానికి కావలసింది నిండు ఎండ, నీరు ఇంకే నేల. నల్లరేగడిలోనైతే ఇసుక కలిపి, మట్టి ఎత్తు చేసి నాటాలి.

ఇక మట్టల సంగతి. ఎదిగిన చెట్టుకు సాధారణంగా 8 నుంచి 10 మట్టలుంటాయి. మూడు నరికితే వంటశాలలో మూడో వంతు మూసేసినట్టే. కొబ్బరి లాగే దీనికీ మొవ్వు ఒక్కటే, కొమ్మలు వేసి లోటు పూడ్చుకోలేదు. కాండానికి తగిలిన గాయం వేపకో మామిడికో పూడినట్టు పూడదు. పైగా నేలలో పొటాష్ చాలనప్పుడు చెట్టు అడుగు మట్టల్లోంచి దాన్ని లాగి కొత్త ఆకుకు పంపుతుంది. అందుకే ముందుగా కింది మట్టలకు పసుపు మచ్చలు పడి, కొసలు మాడతాయి. ‘పాడైంది’ అని మనం దాన్ని కొట్టేస్తే ఆ నిల్వ పోతుంది, చెట్టు పై మట్టను పీల్చడం మొదలుపెడుతుంది. ఏటా ఇదే సాగితే కాండం పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఆ సన్నదనం మళ్లీ పూడేది కాదు. పచ్చి కోత వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుందని కోనసీమ కొబ్బరి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఎండుమట్ట వేలాడుతుంటే చూడ్డానికి బాగోదంటారు. కానీ ఈ చెట్టు మట్ట పూర్తిగా ఎండాక తనంతట తానే రాలిపోతుంది. కాండం నున్నగా, వలయాలతో మిగులుతుంది. తాటిచెట్టు లాగా ఏళ్ల తరబడి మొండిమట్టలు మోయదు. ఆ రాలే మట్టే కారు మీద పడితే అన్న భయం మాత్రం న్యాయమైనది. రెండు మూడు మీటర్ల మట్టకు బరువు తక్కువేం కాదు. దారి పక్కన, పార్కింగ్ పైన ఉన్న చెట్లకు పూర్తిగా గోధుమరంగుకు తిరిగిన మట్ట తీసేయవచ్చు. కరెంటు తీగల కిందైతే నాటడమే తప్పు. గాలివానకు చెట్టు పడకుండా ముందే మట్టలు తగ్గించాలన్నది మరో మాట. తుఫాన్ల ఫ్లోరిడాలో ఈ అలవాటు ఎప్పటినుంచో ఉంది, అక్కడి ఉద్యాన నిపుణులే దాన్ని వద్దంటున్నారు. చుట్టూ ఉన్న మట్టలు పోతే లేత మొవ్వు ఒంటరిగా గాలికి ఎదురు నిలవాల్సి వస్తుంది మరి.

మాడిన మట్టకు మందు కత్తి కాదు, పొటాష్. దానితో పాటు కొంచెం మెగ్నీషియం, అదీ కాండానికి ఆనించి కాకుండా పాదు అంతటా చల్లాలి. ఒకసారి మచ్చపడిన ఆకు మళ్లీ పచ్చబడదు, కొత్తగా వచ్చేవే తేటగా వస్తాయి. అందుకు ఏడాదికి పైనే ఓపిక పట్టాలి. కాలనీ సంఘాలు తోటపని కాంట్రాక్టు రాసేటప్పుడు ‘పామ్ చెట్ల ట్రిమ్మింగ్’ అన్న పద్దు కొట్టేసి, ఆ డబ్బుతో ఎరువు కొనండి.