గండి పడిన చెరువు, లండన్ తీర్పు

మా చోడవరం కోర్టులో చెరకు తోటల గట్టు తగాదాలు, కాలువ నీటి పేచీలే ఎక్కువ. అయినా వాదన మధ్యలో జడ్జీగారు "అథారిటీ ఏమైనా ఉందాండీ?" అన్నారంటే, ప్లీడరు ఏ పాత తీర్పో చూపించాల్సిందే. ఇప్పటి జూనియర్లు ఫోన్లో ఒక మాట కొట్టి బోలెడు సైటేషన్లు పట్టుకొస్తారు. తీర్పు ముందుండే సారాంశం, అదే హెడ్‌నోట్, దాటి చదివేవాళ్లు తక్కువ. వాళ్లని నేను ముందు చదవమనేది కార్వేటినగరం జమీందారు కేసు.

దానికి మూలం ఇంగ్లండ్‌లో ఉంది. లాంకషైర్‌లో రైలాండ్స్ అనే మిల్లు యజమాని రిజర్వాయరు కట్టించాడు. అడుగున మూతపడ్డ పాత గని దారులున్నాయి. 1860లో వాటి గుండా నీళ్లు ఫ్లెచర్ బొగ్గుగనిలోకి దిగిపోయాయి. అపాయం తెచ్చే వస్తువుని తన భూమిలో పోగుచేసినవాడే, తన తప్పు లేకపోయినా, నష్టం కట్టుకోవాలని 1868లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది.

ఇక మన చిత్తూరు వైపు. కార్వేటినగరం జమీందారీలో వానలకి చెరువులు గండిపడి మద్రాసు రైల్వే కంపెనీ ఆస్తి దెబ్బతింది. కంపెనీవారు రైలాండ్స్ తీర్పు పట్టుకుని పైదాకా వెళ్లారు. 1874లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, అప్పట్లో మన కేసులకి ఆఖరి కోర్టు, ఒప్పుకోలేదు. ఆ చెరువులు జమీందారు సొంత లాభానికి తవ్వించినవి కావు, తరాల నాటివి. ఊళ్ల సేద్యం వాటిమీదే. కాపాడడం ఆయన విధి, పూడ్చేసే హక్కు ఆయనకి లేదు. నిర్లక్ష్యం రుజువైతేనే పరిహారం అంది. జమీందార్లంటే నాకేమీ ముచ్చట లేదు గానీ, ఇది సరైన తీర్పే.

దీన్నే మేం డిస్టింగ్విష్ చేయడం అంటాం. పైకోర్టు మాటని కిందికోర్టు కాదనలేదు. ఆ కేసు సంగతులు వేరు, ఈ కేసు సంగతులు వేరని చూపించి పక్కన పెట్టొచ్చు. మా పనిలో సగం నేర్పు అక్కడే ఉంది.

2020 మేలో విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో గ్యాస్ లీకైన మర్నాడే ఎల్జీ పాలిమర్స్‌ని 50 కోట్లు డిపాజిట్ చేయమన్న గ్రీన్ ట్రిబ్యునల్, రైలాండ్స్ నుంచి వచ్చిన, మినహాయింపులున్న స్ట్రిక్ట్ లయబిలిటీనే (తప్పు లేకపోయినా బాధ్యత) ఎత్తుకుంది. అలాంటి ఫ్యాక్టరీలకి ఏ మినహాయింపూ లేదని ఢిల్లీ ఓలియం గ్యాస్ కేసులో సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది కదా అని న్యాయవాదులు అప్పుడే తప్పుపట్టారు.

చెరువు తెగి చెరకు మునిగిందని వచ్చే రైతుకి మాత్రం అలా తప్పు చూపించకుండా పరిహారం అందదు, కార్వేటినగరం అడ్డొస్తుంది. అంచేత నేను ముందు అడిగేది, గట్టు బలహీనంగా ఉందని గండి పడకముందు ఇచ్చిన అర్జీకి రసీదు ఉందా అని.