సంతోషానికి కథ ఉండదా?

మన కథల్లో నలభై ఐదు దాటిన స్త్రీని ఒకసారి గుర్తు చేసుకోండి. కోడల్ని సాధించే అత్తగానో, పిల్లలు పట్టించుకోని తల్లిగానో, భర్త వదిలేస్తే మిగిలిపోయిన భార్యగానో, ఆస్పత్రి మంచం మీద గతాన్ని తలచుకునే రోగిగానో వెంటనే గుర్తొస్తుంది. సాయంత్రంపూట నలుగురు స్నేహితురాళ్లతో మెట్ల మీద కూర్చుని కడుపుబ్బ నవ్వే మనిషిగా గుర్తొస్తుందా? అలాంటి స్త్రీలు లేరా అంటే ఉన్నారు. మనమే ఉన్నాం. మరి మన సాహిత్యంలో, అంతకన్నా ముఖ్యంగా మన విమర్శలో, ఆ సంతోషానికి చోటెందుకు ఉండదు?

ఒక కథల ఎంపిక సమావేశంలో ఈ ప్రశ్న నాకు ఎదురైంది. యాభై ఏళ్ల ముగ్గురు ఆడవాళ్ల కథ అది. ఒకామె టీచరు, ఒకామె బట్టలు కుడుతుంది, ఒకామె ఇంట్లోనే ఉంటుంది. పొద్దున్నే కలిసి నడకకు వెళ్తారు. శనివారం గుడికెళ్లి, ప్రసాదం తింటూ ఇంటి సంగతులు చెప్పుకుంటారు. కథంతా అంతే. "బాగానే ఉంది కానీ సంఘర్షణ ఏదీ?" అన్నారు తోటి సభ్యురాలు. "చైతన్యం లేదు. పైగా గుడి" అన్నారు ఇంకొకరు. కథ పక్కకు వెళ్లిపోయింది. ఇద్దరూ నేను గౌరవించే స్త్రీవాదులే. వాళ్ల మాటల వెనుక మన ఉద్యమం నేర్పిన చదువు ఉంది. అందుకే దాని గురించి మాట్లాడుకోవాలి.

దుఃఖాన్ని చదవడం మనం కష్టపడి నేర్చుకున్న విద్య. అబ్బూరి ఛాయాదేవి 'సుఖాంతం'లో స్త్రీకి కావలసింది నిద్ర. ఎప్పుడూ ఎవరో ఒకరి అవసరం ఆమెను లేపుతూనే ఉంటుంది. చివరికి నిద్రమాత్రలే గతి అవుతాయి. పేరులోని వ్యంగ్యం తెలిశాక 'సుఖం' అనే మాటను అనుమానించకుండా ఉండలేం. అనుమానించాలి కూడా. పితృస్వామ్యం ఇంటెడు చాకిరీనీ 'ఇల్లాలి ఆనందం' పేరుతోనే చేయించుకుంది కదా! కానీ ఆ కథలో ఆమె అడిగిందేమిటి? కంటినిండా నిద్ర. సుఖపడటం మనిషి హక్కు అనే మాట ఆ కథలోనే ఉంది. చావు మీద ఎంత చర్చ చేసినా ఆ కోరికను పక్కన పెడితే కథ సగమే అందుతుంది.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' మనకు కొట్టిన పిండి. ఇల్లు అలికీ అలికీ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ. ఆ మరుపు గురించి ఎన్నో వ్యాసాలు వచ్చాయి. ఆ పేరు మళ్లీ ఎలా దొరికిందన్నది మాత్రం అంతగా చర్చకు రాదు. భర్త చెప్పలేదు, పిల్లలు చెప్పలేదు. పుట్టినూరికి వెళ్తే, పాత స్నేహితురాలు గుర్తుపట్టి శారద అని పేరుపెట్టి పిలిచింది. నువ్వు బాగా చదివేదానివి, బొమ్మలు వేసేదానివి అని గుర్తు చేసింది. తర్వాతే ఆమె ఇంటికొచ్చి, నన్ను పేరుతో పిలవమని భర్తకు చెప్పగలిగింది. ఆ స్నేహితురాలిని కథ ముగించడానికి వాడుకున్న ఉపాయంగా చూస్తే పొరపాటే. మనం ఒకరికి భార్యా, ఇంకొకరికి తల్లీ కాకముందు ఎవరమో తెలిసిన మనిషి ఆమె. నడివయసులో స్నేహం విలువ అక్కడుంది.

మరో శారద కూడా ఉంది. కనుపర్తి వరలక్ష్మమ్మ 'గృహలక్ష్మి' పత్రికలో 1920ల చివర నుంచి కొన్నేళ్లపాటు 'శారద లేఖలు' రాశారు. ఇంటి సంగతులూ, దేశం సంగతులూ శారద తన స్నేహితురాలికి ఉత్తరాలుగా చెబుతుంది. ఉపన్యాసంగా చెప్పగల మాటల్ని వరలక్ష్మమ్మ ఉత్తరాల్లో పెట్టారు. స్త్రీలు ఆలోచించుకునే పద్ధతి అదేనని ఆమెకు తెలుసు. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఓల్గా 'విముక్త'లో సీత వెళ్లి కలిసేదీ స్త్రీలనే. ముక్కూ చెవులూ పోగొట్టుకున్న శూర్పణఖ పగతో మిగిలిపోలేదు, ఒక తోట పెంచింది. ఆ తోటను ప్రతీకగా వివరించడానికి మనకు క్షణం పట్టదు. మొక్కకు నీళ్లు పోయడంలో ఆమెకున్న ఇష్టాన్ని ఇష్టంగానే చదివితే ఏం పోతుంది?

కుటుంబం దగ్గరికి వస్తే మన ఇబ్బంది పెరుగుతుంది. కుటుంబంలో ఆనందం అనగానే పాత పాఠం తిరిగొస్తుందేమోనని భయం. ఛాయాదేవి 'తన మార్గం' ఈ భయానికి మంచి జవాబు. పిల్లల పంచన కాకుండా తనకు నచ్చినట్టు విడిగా ఉండాలని నిర్ణయించుకున్న పెద్దావిడ కథ అది. ఆమె పిల్లల్ని కాదనుకోలేదు. తన తలుపు తాళం తన దగ్గర ఉంచుకుంది. తాళం చేతిలో ఉన్నవాళ్లకే ఇంటికొచ్చిన మనవడు ముద్దొస్తాడు.

అన్నిటికన్నా చిక్కు భక్తితో. పద్దెనిమిదో శతాబ్దంలో తరిగొండ వెంగమాంబకు వైధవ్య నియమాలను కాదనే ధైర్యాన్నీ, కావ్యాలు రాసుకునే చోటునూ భక్తే ఇచ్చింది. వెంగమాంబను మనం గర్వంగా చెప్పుకుంటాం. కానీ పక్కింటావిడ శుక్రవారం లలితా సహస్రనామ పారాయణానికి వెళ్తే మన దగ్గర రెండే వ్యాఖ్యానాలు. ఒకటి మూఢత్వం, రెండోది ఇల్లు దాటడానికి సాకు. నాకు భక్తి తక్కువే. అయినా మా వీధిలో పారాయణానికి వెళ్తుంటాను. ఎందుకొస్తావని అక్కడొకామెను అడిగాను. "ఈ గంటసేపు నన్నెవరూ అమ్మా అని పిలవరు వదినా. నేనే ఒక అమ్మను పిలుచుకుంటాను" అంది. వెయ్యి నామాల్లో మొదటిది శ్రీమాత. అంత నేరుగా ఆ నామానికి అర్థం చెప్పిన వ్యాఖ్యానం నేను చదవలేదు. మన రెండు వ్యాఖ్యానాల్లోనూ ఆమె మాటకు చోటు లేదు.

అలాగని పారాయణాన్ని నెత్తిన పెట్టుకోమనడం లేదు. భర్త పోయిన ఒకావిడ మొదటిసారి వచ్చిన రోజు, బొట్టు పెట్టే చేతులు ఆమె ముందు ఆగిపోయాయి. గదంతా నిశ్శబ్దం. కుంకుమ భరిణె తీసుకుని వెళ్లి పెట్టింది, నాతో ఆ మాట అన్నామే. మరుసటి వారం నుంచి ఇద్దరు రావడం మానేశారు. కథకు సంఘర్షణ కావాలనేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? అది సంతోషానికి బయట లేదు. ఆ నలుగురూ కలిసి కూర్చోవడంలోనే ఉంది.

ఇంకో లెక్క కూడా చూడాలి. మా సాయంత్రాలు ఖాళీ కావడానికి ఇంకొకరి పొద్దు కరిగిపోతోంది. మా ఇంట్లో పనికొచ్చే ఆమె ఆదివారం చర్చికి వెళ్లాలంటే నాలుగిళ్ల పని తెల్లవారకముందు మొదలుపెట్టాలి. ఆమెకూ స్నేహితురాళ్లున్నారు, పాటలున్నాయి, తెల్లచీర ఉంది. బతుకమ్మను ఆడవాళ్లందరి పండుగ అంటాం. ఆ ఆటలోకి తమను రానివ్వని ఊళ్ల గురించి దళిత రచయిత్రులు ఎప్పుడో చెప్పారు. 2003లో గోగు శ్యామల సంకలనం చేసిన 'నల్లపొద్దు' వచ్చాక 'స్త్రీలు' అనే మాటను ఎవరూ తేలిగ్గా వాడలేకపోయారు. 'స్త్రీల సంతోషం' అన్నప్పుడూ అంత జాగ్రత్త కావాలి.

అందుకే సంతోషాన్ని గట్టిగా చదవాలంటున్నాను. ఆ గంట ఎవరి దగ్గర నుంచి వచ్చింది, ఎవరితో గడిచింది, గుమ్మం బయట ఎవరు నిలబడ్డారు అని అడుగుదాం. దుఃఖాన్ని చదవడానికి పట్టినంత ఓపిక దీనికీ పడుతుంది. ఈ పని మనం చేయకపోతే, నడివయసు స్త్రీ సంతోషం గురించి మాట్లాడే హక్కు చీరల ప్రకటనలకూ, టీవీ సీరియళ్లకూ, ప్రవచనకారులకూ మిగిలిపోతుంది. వాళ్లు మన నవ్వునే చూపిస్తారు, దాని ఖరీదు చెప్పరు. రాసే స్త్రీలను నేను అడిగేది ఒకటే. ఆ ఖరీదు రాయండి. భయపడకుండా ఆ రుచినీ రాయండి.